ఆఫీసు తేదీ తప్పదు, ఇంటి పని ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. కర్నూలులో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. నాకు ఆటిజం ఉందని పోయిన ఏడాదే సైకియాట్రిస్టు తేల్చి చెప్పారు. నాన్న లేరు. అమ్మా నేనూ ఉంటాం. అక్క కాన్పు కోసం అమ్మ రెండు నెలల కిందట బెంగళూరు వెళ్లింది, ఇంకో మూడు నెలలకు గానీ రాదు. ఆమె వెళ్లినప్పటి నుంచి నా రోజు నా చేతిలో లేదు. రాత్రి తలనొప్పి వస్తే గానీ పొద్దున్నుంచి ఏమీ తినలేదని తెలియడం లేదు. స్నానం రెండు మూడు రోజులు వాయిదా పడుతోంది. కరెంటు బిల్లు మర్చిపోతే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేసి పోయాడు. గంట గంటకూ టైంటేబుల్ రాసుకున్నాను, రంగులు కూడా వేశాను. నాలుగు రోజులు నడుస్తుంది. కొళాయి నీళ్లు ఒకరోజు ఆలస్యమైతే చాలు, ఆ రోజంతా పాడవుతుంది, ఇక ఆ కాగితం వైపు చూడబుద్ధి కాదు. ఆఫీసులో మాత్రం ఒక్క తేదీ కూడా తప్పను. అందుకే మామయ్య 'నీది బద్ధకం' అంటున్నాడు. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని బంధువులు అంటున్నారు. నిజంగా బద్ధకమేనా? మందులేమైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: బద్ధకం కాదు. బద్ధకస్తుడు టైంటేబుల్‌కు రంగులు వేయడు.

మీరు ఆడిటర్ ఆఫీసులో ఉన్నారు కాబట్టి మీ లెక్కలోనే చెబుతాను. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసే క్లయింట్లకు 11న జీఎస్టీఆర్-1 ఫారం, 20న 3బీ ఫారం. ఆ తేదీలు మీరు పెట్టినవి కావు. ఏ ఫారం ముందు, ఏది తర్వాత అన్నది ఎవరో ఎప్పుడో తేల్చి పెట్టారు. తేదీ దాటితే లేట్ ఫీజు. ఈలోగా క్లయింటు ఫోన్ చేస్తూనే ఉంటాడు. అంటే గుర్తుచేసే ఏర్పాటంతా మీ తల బయటే ఉంది, మీరు పని చేస్తే చాలు. ఇంట్లోనూ అలాంటి ఏర్పాటు ఒకటి ఇన్నేళ్లూ నడిచింది. దాని పేరు అమ్మ. "నీళ్లు కాగినాయి, పోసుకో", "అన్నం చల్లారిపోతోంది" అని ఆమె వేసే కేకలు మీకు విసుగ్గా కూడా అనిపించి ఉండొచ్చు. ఇప్పుడు ఆ కేకలు బెంగళూరులో ఉన్నాయి.

పెళ్లి భోజనాల్లో పంక్తి చూసుకునే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. వంటలన్నీ సిద్ధంగానే ఉన్నా, 'ఇప్పుడు పప్పు పంపండి, ఆ మూలకు అన్నం కావాలి' అని ఆయన చెప్పకపోతే వడ్డన కదలదు. పనిని మొదలుపెట్టించడం, వరస పెట్టడం, ఒక పని ఆపించి ఇంకోదానికి మళ్లించడం మెదడులో ఆ పెద్దమనిషి పని. మా డాక్టర్లం దాన్ని ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటాం. ఆటిజం ఉన్న చాలామందిలో, ఎంత తెలివైనవాళ్లలోనైనా, తడబడేది ఇక్కడే. స్నానం చేయడం మీకు రాక కాదు. కుర్చీలోంచి లేచి స్నానం దాకా వెళ్లే ఆ మొదటి అడుగు పడదు. బయటివాళ్లకు అది బద్ధకంలాగే కనిపిస్తుంది, మీ మామయ్యను కూడా పూర్తిగా తప్పుపట్టలేం.

టైంటేబుల్ ఎందుకు నాలుగు రోజులకే ఆగిపోతోందో చూద్దాం. దాన్ని గడియారానికి కట్టారు. 6:30కు నీళ్లు, 7కు స్నానం, 7:20కి టిఫిన్ అని రాసుకుంటే, నీళ్లు 7:15కు వచ్చిన రోజు కాగితంలో ఉన్నవన్నీ ఒకేసారి అబద్ధమైపోతాయి. అనుకున్నది అనుకున్నట్టు జరగకపోతే మీలాంటివాళ్లకు కలిగే కలత మామూలు చిరాకు కాదు, ఒంట్లో బలమంతా లాగేస్తుంది. కాబట్టి టైములు కొట్టేయండి, వరస మాత్రం ఉంచండి. లేచాక బాత్రూం, తర్వాత పళ్లు, అది అయ్యాక స్నానం, ఆ తర్వాత టిఫిన్, చివరికి బ్యాగు. ఏడుకు మొదలైనా ఎనిమిదికి మొదలైనా వరస వరసే. ఇలాంటి గొలుసులు రోజుకు మూడు చాలు: లేచినప్పటిది, ఆఫీసు నుంచి వచ్చి బండి స్టాండు వేసినప్పటిది, పడుకునే ముందుది. ఒక్కోదానిలో ఐదు పనులకు మించొద్దు. మొదటి రెండు వారాలు పొద్దున గొలుసు ఒక్కటే చేయండి, మిగతావి ఎలా పోతే అలా పోనివ్వండి.

నీళ్ల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మీ రోజును పాడుచేస్తున్నది ముఖ్యంగా అదే. సంపుకు గానీ కొళాయి కింది డ్రమ్ముకు గానీ ఒక ఫ్లోట్ వాల్వు పెట్టించండి. నీళ్లు ఎప్పుడొచ్చినా నిండుతాయి, నిండగానే అదే ఆగుతుంది, మీరు కాపలా కాయక్కర్లేదు. ప్లంబర్ ఒక పూటలో బిగించి పోతాడు. డాక్టరు ప్లంబింగ్ గురించి చెబుతున్నాడేమిటి అనుకోవద్దు. ఎప్పుడొస్తుందో తెలియని పనిని గుర్తుపెట్టుకునే తెలివి సంపాదించడం కంటే, ఆ పనినే రోజులోంచి తీసేయడం మేలు. అద్దె ఇంట్లో ఓనరు ఒప్పుకోకపోతే నీళ్లొచ్చే రోజుకు వేరే కాగితం, రాని రోజుకు వేరే కాగితం రాసి పెట్టుకోండి. కరెంటు బిల్లుకూ ఇదే సూత్రం: బ్యాంకు యాప్‌లోనో, ఫోన్‌లో మీరు వాడే యాప్‌లోనో ఆటో పే పెట్టేయండి. సిలిండర్ ఖాళీ అయిన రోజే, కొత్తది బిగించిన చేత్తోనే ఇంకోదానికి బుకింగ్ చేయండి.

ఇక ఆకలి. పొద్దున్నుంచి తినలేదని రాత్రికి గానీ తెలియడం లేదన్నారు. ఆటిజంలో చాలామందికి ఆకలి, దాహం, మూత్రం వస్తోందన్న కబురు లోపలినుంచి సన్నగా అందుతుంది, పనిలో మునిగితే అసలే అందదు. కాబట్టి ఆకలేస్తే తిందాం, దాహమేస్తే తాగుదాం అన్నది మీ విషయంలో పనికిరాదు. కర్నూలు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే, ఆ రోజుల్లో దాహం తెలియకపోవడం ప్రమాదం కూడా. లీటరు బాటిల్ ఒకటి కంప్యూటర్ పక్కన, కళ్లకు ఎదురుగా పెట్టుకోండి. భోజనానికి లేచేలోపు ఒకటి, ఇంటికి బయల్దేరేలోపు ఇంకొకటి ఖాళీ కావాలి. మధ్యాహ్నం భోజనానికి లేచే సహోద్యోగి ఎవరైనా ఉంటే, వెళ్తూ వెళ్తూ మీ బల్ల మీద ఒక్కసారి తట్టమని అడగండి. అంతకంటే వివరం చెప్పక్కర్లేదు.

ఏం తినాలన్న ఆలోచనే చాలామందికి తిండి మానేంత బరువు. రోజూ ఉగ్గానే తింటానంటే తినండి, తప్పేమీ లేదు. రాత్రికి ఎలక్ట్రిక్ కుక్కర్లో అన్నం పెట్టి, కర్రీ పాయింట్లో కూరో పప్పో తెచ్చుకుంటే భోజనమే. అమ్మ వంటతో పోల్చుకుని బాధపడొద్దు. అయితే నాలుగైదు రకాలు తప్ప ఇంకేమీ నోటికి ఎక్కకపోతే హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి పరీక్షలు చేయించండి. అవి తక్కువైనా నీరసం వస్తుంది, ఆ నీరసాన్నీ మీ మామయ్య బద్ధకం కిందే జమ వేస్తాడు.

స్నానం వాయిదా పడటానికి ఇంకో కారణం ఉండొచ్చు, మీరు రాయలేదు గానీ మా ఓపీలో అడిగితే చాలామంది చెబుతారు. చెంబుతో చన్నీళ్లు ఒక్కసారిగా మీద పడటం, సబ్బు ఘాటు వాసన, తడి ఒంటికి గరుకు తువాలు, వీటిలో ఏదో ఒకటి భరించలేనంతగా ఉంటుంది. మీకు ఏది ఇబ్బందో గమనించి అది మార్చండి. గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సబ్బు, మెత్తబడిన పాత తువాలు. పేస్టు నోరు మండిస్తుంటే మంట లేనివి దొరుకుతాయి. చొక్కా మెడ దగ్గర లేబుల్ గుచ్చుకుంటే కత్తిరించేయండి, ఒంటికి పడిన చొక్కా ఒకే రకానివి ఐదు కొనుక్కోండి. ఎవరైనా నవ్వితే నవ్వనీయండి, పొద్దున ఒక నిర్ణయం తగ్గింది. ఇంత చేసినా కుదరని రోజు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని బట్టలు మార్చుకున్నా చాలు.

గుర్తుచేసే కాగితం ఎక్కడ అవసరమో అక్కడే ఉండాలి. పొద్దున గొలుసు బాత్రూం తలుపు మీద, తాళంచెవి, హెల్మెట్ సంగతి వీధి తలుపు లోపలివైపు, కళ్ల ఎత్తులో. బీరువాలోకి వెళ్లిన వస్తువు మీ లెక్కలో లేనట్టే, కాబట్టి రోజూ కావాల్సినవి పైకి కనిపించేలా పెట్టండి. ఫోన్‌లో పది అలారాలు పెట్టొద్దు. మూడో రోజు నుంచి చేయి వాటిని దానంతటదే ఆపేస్తుంది. రెండు చాలు. వాటికి 'టిఫిన్' అని కాకుండా 'లేచి స్టవ్ దగ్గరికి నడువు' అని పేరు పెట్టండి. ఏ పనీ కదలని సాయంత్రం అమ్మకు వీడియో కాల్ చేయండి. ఆమె అక్కడ కూర తరుగుతూ ఉంటుంది, మీరిక్కడ గిన్నెలు తోమండి. ఏమీ మాట్లాడకపోయినా ఎదురుగా మనిషి ఉంటే పని మొదలవుతుంది. ఇది నేను చాలామందిలో చూశాను, మందుకంటే నమ్మకంగా పనిచేసింది.

గొలుసు తెగే రోజులు వస్తాయి. ఆ రోజుకు ఇంకో చిన్న కాగితం ఇప్పుడే రాసి ఉంచండి: రెండుసార్లు ఏదో ఒకటి తినడం, నీళ్లు తాగడం, పళ్లు తోముకోవడం, పడుకోవడం. అంతే. పెరుగన్నం అయినా, బొరుగులైనా సరే. మర్నాడు మళ్లీ మొదటి కాగితం. ఆఫీసు నుంచి రాగానే అరగంట లైటు తీసేసి, ఫ్యాను కింద, ఎవరితోనూ మాట్లాడకుండా ఉండాలనిపిస్తే ఉండండి. పగలంతా అందరిలా కనిపించడానికి మీరు పడే శ్రమ ఎవరికీ కనిపించదు. 20వ తేదీ దాటిన మరుసటి రోజు మీకు ఎక్కువ నీరసంగా ఉండొచ్చు, ఆ రోజు కొత్త పనులేవీ పెట్టుకోకండి.

మందుల సంగతి. ఆటిజానికంటూ మందు లేదు. ఉందని అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. కానీ దానితో పాటు నిద్రలేమి, యాంగ్జైటీ, డిప్రెషన్, ఏడీహెచ్‌డీ (ఒక పని మీద ధ్యాస నిలవని సమస్య) ఉంటే వాటికి చికిత్స ఉంది. ముఖ్యంగా ఏడీహెచ్‌డీ గురించి మీ సైకియాట్రిస్టును అడగండి. 2013కు ముందు డీఎస్ఎం, అంటే మానసిక సమస్యలను గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టులు రాసుకున్న పుస్తకం ప్రకారం ఆటిజం ఉందని రాస్తే ఏడీహెచ్‌డీ రాయకూడదు. ఇప్పుడు ఆ నియమం లేదు, రెండూ కలిసి ఉండటం చాలా మామూలని తెలిసింది. మీరు రాసిన మతిమరుపు చూస్తే ఒకసారి పరీక్షించుకోవడం మంచిదే అనిపిస్తోంది. అలాగే, ఎప్పుడూ ఇష్టపడి చేసే పనుల మీద కూడా ఆసక్తి పోయినా, బరువు తగ్గిపోతున్నా, చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా అమ్మ వచ్చేదాకా ఆగకండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు తీసుకోరు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో పరీక్షించి 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని రాస్తే ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ లాంటివి వర్తిస్తాయి. తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, తొందరేమీ లేదు. సదరం స్లాట్ మీ వార్డు సచివాలయంలోనో మీసేవలోనో అడగండి.

పెళ్లి మీకు చేసుకోవాలని ఉంటే, మీకున్న విషయం ఆ అమ్మాయికి ముందే చెప్పి చేసుకోండి. నీళ్లు కాగినాయని కేక వేయడానికి మనిషి కావాలని మాత్రం చేసుకోకండి.

అమ్మ తిరిగొచ్చాక ఇల్లు ఆమె చేతికి వెళ్తుంది, అది సహజం. పొద్దున గొలుసు, మీ బిల్లులు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. తలుపు మీది కాగితాలు ఎందుకున్నాయో ఆమెకు ముందే ఫోన్‌లో చెప్పి పెట్టండి. ఉగాదికి ఇల్లు కడిగేటప్పుడు మొదట పోయేవి అవే.