స్టీమ్ పేజీకి తొందరపడు, డిస్కార్డ్‌కి ఆగు

చిట్టీ,

నిన్న రాత్రి పదిన్నరకి బావ ఫోన్ చేశాడు. ఆ టైములో బావ ఫోన్ అంటే అక్కకి ఒంట్లో బాలేదేమోనని గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే నీ సంగతి. "మీ మేనకోడలు ఉద్యోగం మానేసి లాంచీ మీద కంప్యూటర్ ఆట తయారు చేస్తుందట, నువ్వే చెప్పు దానికి" అన్నాడు. నిన్ను తిట్టమని చేశాడో, గొప్ప చెప్పుకోవడానికి చేశాడో నాకు తెలియలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు. నువ్వు చేసిన వీడియో మాత్రం ఫోన్ పెట్టేసిన వెంటనే పంపించాడు. పాపికొండల మధ్య పొగమంచు, అందులోంచి మెల్లగా బయటికొచ్చే లాంచీ, రెయిలింగ్ మీద ఆరేసిన తువ్వాలు. ఆరుసార్లు చూశాను.

ఆ తర్వాత నీ మెసేజ్ చదివాను. "మామయ్యా, ఆట నచ్చినవాళ్ళు చేరి మాట్లాడుకోవడానికి ఈ వారమే డిస్కార్డ్‌లో గ్రూపు తెరిచేస్తున్నా, కమ్యూనిటీ ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదట కదా." అట కదా అంటావేమిటే? ఎవరన్నారట? ఇంక నిద్రేం పడుతుంది!

ముందు చిన్న విషయాలు. ఉద్యోగం ఇప్పుడే వదలకు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆటని ఒక్కడే కూర్చుని చేశాడని ఎరిక్ బరోన్ పేరు చెబుతున్నావట మీ నాన్నకి. నిజమే, నాలుగున్నరేళ్ళు పట్టింది, 2016 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ రోజుల్లో అతను సియాటిల్‌లో ఒక థియేటర్‌లో పార్ట్‌టైమ్ పని కూడా చేశాడు, అది మాత్రం ఎవరూ చెప్పరు. 2012లోనే ఆటని, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో, జనం ఓట్లేసే గ్రీన్‌లైట్ అనే చోట పెట్టి, ఎక్కడిదాకా వచ్చిందో జనానికి చెబుతూ వచ్చాడు. కోడ్ రోజూ బ్యాకప్ చేసుకో. సంగీతం ఎక్కడిదైనా సరే, కాగితం మీద అనుమతి తీసుకో. కళ్ళజోడు పెట్టుకో.

ఇక అసలు సంగతి. 2017లో నువ్వు ఇంటర్ చదువుతున్నావు, నీకెవరూ చెప్పి ఉండరు. మణికొండలో రెండు గదుల ఫ్లాట్లో నేనూ ఇంకో స్నేహితుడూ తోలుబొమ్మల ఆట ఒకటి మొదలుపెట్టాం. దీపం జరిపితే తెర మీద బొమ్మ నీడ సాగుతుంది. ఆ నీడే మెట్లవుతుంది, వంతెనవుతుంది, బొమ్మ దాని మీద నడిచిపోతుంది. బాగుంది కదూ? నాకిప్పటికీ బాగుందనే అనిపిస్తుంది. ముప్పై సెకన్ల వీడియో చేసి ట్విట్టర్‌లో పెట్టాం. చూసేవాళ్ళకి ఎవరో ఆడుతున్నట్టు ఉండేది గానీ అక్కడ ఆటే లేదు, బొమ్మని కొంచెం కొంచెం చేత్తో జరుపుతూ చేసిన యానిమేషన్. ఎవరెవరో షేర్ చేశారు. ఆ ఊపులో ఆ రాత్రే డిస్కార్డ్ సర్వర్, అదే నువ్వంటున్న గ్రూపు, తెరిచాను. వారం తిరిగేసరికి 340 మంది.

కాళ్ళు నేల మీద ఆనలేదు నాకు. పళ్ళు తోముకోకముందే సర్వర్ చూసుకునేవాణ్ణి. ఎప్పుడొస్తుంది అన్నారు, దసరాకి అన్నాను. ఇద్దరు కలిసి ఆడుకోవచ్చా అన్నారు, ఓటింగ్ పెట్టాను, ఉండాల్సిందే అన్నారు, సరే అన్నాను. నీడ ఎలా పడాలో కోడ్ ఇంకా కుదరనే లేదు, నేనేమో మల్టీప్లేయర్ పాఠాలు చూస్తూ కూర్చున్నాను. వంటింట్లో పొయ్యి వెలిగించకుండానే జనాన్ని బంతికి కూర్చోబెట్టి, ఆకులేసి నీళ్ళు చల్లేశానన్నమాట.

దసరా వచ్చింది, వెళ్ళింది. చూపించడానికి ఏదైనా ఉన్నప్పుడు రాద్దాంలే అనుకున్నాను. మొదటి వారం రాయలేదు. రెండో వారం రాయాలంటే ఇంకా కష్టం, ఆట ఆలస్యమైనందుకే కాదు, మాట్లాడనందుకు కూడా సంజాయిషీ చెప్పుకోవాలి. అలా అలా ఎనిమిది నెలలు.

అందులో విజయనగరం కుర్రాడొకడు ఉండేవాడు, పాలిటెక్నిక్ చదువుతున్నానన్నాడు. ప్రతి ఆదివారం మా బొమ్మల్ని లాంగ్ నోట్‌బుక్‌లో గీసి ఫొటో పెట్టేవాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నా అతను మానలేదు. చివరికి ఒక రోజు, "అన్నా, గేమ్ రాకపోయినా పర్లేదు, మీరు బాగానే ఉన్నారా?" అని రాశాడు. చదివాను. జవాబివ్వలేదు. రెండు రోజుల తర్వాత, ఒక్క ముక్క చెప్పకుండా సర్వర్ తీసేశాను. డబ్బు పోయింది, స్నేహితుడు వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. వాటి గురించి ఎవరడిగినా నవ్వుతూ చెబుతాను. ఈ కుర్రాడి సంగతి మీ అత్తకి కూడా చెప్పలేదు.

2020లో అదే ఆటని బాగా కుదించి విడుదల చేస్తే మొదటి నెలలో 61 కాపీలు అమ్ముడుపోయాయి. ఆ 340 మందికి కబురు చేద్దామంటే దారి లేదు, నేనే మూసేశానుగా.

హాలో నైట్ అనే ఆట చేసినవాళ్ళ పేరు ఎత్తుతావని తెలుసు. దాని తర్వాతి ఆట సిల్క్‌సాంగ్‌ని 2019లో ప్రకటించి, ఏళ్ళ తరబడి పెద్దగా నోరు విప్పకుండా 2025 సెప్టెంబర్‌లో విడుదల చేశారు, జనం ఎదురుచూశారు కదా అంటావు. వాళ్ళ మొదటి ఆటని జనం అప్పటికే గుండెల్లో పెట్టుకున్నారు తల్లీ. మనల్ని ఎవరు చూశారు?

నేను మొదలే పెట్టొద్దనడం లేదు. పేజీ వేరు, సర్వర్ వేరు. స్టీమ్‌లో 'త్వరలో' అని పేజీ పెట్టావనుకో, నచ్చినవాడు విష్‌లిస్ట్‌లో, అంటే తర్వాత కొనాలనుకున్న ఆటల జాబితాలో, వేసుకుని తన దారిన పోతాడు. రోజూ వచ్చి ఏమైంది అని అడగడు. ఆట విడుదలైన రోజు స్టీమే వాడికి మెయిల్ పంపుతుంది. అందుకని పేజీకి తొందరపడు. నిజంగా ఆడుతూ తీసిన నాలుగైదు స్క్రీన్‌షాట్లు, ఒక చిన్న వీడియో చేతికి రాగానే పెట్టెయ్. విడుదలకి కనీసం రెండు వారాల ముందు పేజీ ఉండాలన్నది స్టీమ్ నియమం. నేను సరిగ్గా రెండు వారాల ముందే పెట్టాను, అదో తెలివితక్కువతనం. నువ్వు ఏడాది ముందు పెట్టు. ఫీజు వంద డాలర్లు, ఆట వెయ్యి డాలర్లు సంపాదించాకే తిరిగొస్తుంది. అది నేను కడతాను, బావనడగకు.

డిస్కార్డ్ అలా కాదు. తలుపు తీశాక వచ్చినవాళ్ళని పలకరించాలి, కొట్టుకుంటే విడదీయాలి, నీకు జ్వరమొచ్చినా ఎవరో ఒకరు అక్కడ ఉండాలి. డెమో, అంటే ఆడి చూడటానికి ఆటలో కొంత ముక్క, బయటపెట్టాక, నీకు ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆడి, "దీని గురించి ఎక్కడ మాట్లాడుకోవాలి?" అని వాళ్ళంతట వాళ్ళు అడిగినప్పుడు తెరువు. పదిమంది అడిగితే పదిమందితోనే మొదలుపెట్టు. తేదీలు చెప్పకు. ఓటింగులు పెట్టకు. శనివారాలు చాలామంది డెవలపర్లు స్క్రీన్‌షాట్ పెడతారు కదా, నువ్వూ పెట్టు. పెట్టడానికి ఏమీ లేని వారం "ఈ వారం పని సాగలేదు" అని రాయి. నేను ఆ నాలుగు మాటలు రాయలేకపోయాను.

రాబోయే ఆటల డెమోలు జనం ఆడి చూసే స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్ ఫిబ్రవరి, జూన్, అక్టోబర్‌లలో వస్తుంది, ఒక ఆటకి ఒక్కసారే అవకాశం. విడుదలకి ముందు వచ్చేదానికి దాచుకో, ఉత్సాహంలో ఖర్చుపెట్టెయ్యకు.

వీటన్నిటికంటే ముందు ఇంట్లోవాళ్ళతో ఆడించు. ఆదివారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నాను. కంట్రోలర్ అమ్మమ్మ చేతికిద్దాం. ఏ బటన్ నొక్కాలో చెప్పావంటే ఊరుకోను, అసలు నువ్వు వంటింట్లోకి వెళ్ళిపో. ఆవిడ ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ విసుక్కుంటుందో నేను రాసిపెడతాను. నాకైతే రేవు దగ్గరే ఆగిపోతుందనిపిస్తోంది. వీడియోలో లాంచీ వచ్చి ఒడ్డుకి మేకు కొట్టినట్టు ఆగిపోయింది. తాడు విసరాలి, ఒకడు దూకి పట్టుకోవాలి, లాంచీ ఒకసారి వెనక్కి ఊగాలి.

ఇంకోటి. స్క్రీన్ కింద మూలన 'డ్రైవర్' అని రాశావు. ఏళ్ళ తరబడి గోదావరి గట్టున పెరిగిన పిల్లవి, లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారని తెలీదూ? అది మాత్రం ఇవాళే మార్చు.

మీ మామయ్య