మాటా మంచీ: ఫార్వర్డ్ చేసిన మాట వెనక్కి వస్తుందా?

ముప్పై ఏళ్లకు పైగా వరంగల్ జిల్లాలో విలేకరిగా, ఆ తర్వాత డెస్కులో పనిచేశాను. ఈ శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫోన్ల గురించే. ఊరి ఎన్నికలు, పార్టీలు, కులాలు, మోరీ గొడవలు అన్నీ వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లోనే నడుస్తున్నాయి. నాలుగింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఇంటోళ్ల వాట్సాప్ గ్రూపులో 41 మందిమి ఉంటాం. మొన్న డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో మా పెద్దబాపు కొడుకు వార్డు మెంబరుగా నిలబడ్డాడు. ఇందిరమ్మ ఇల్లు ఇప్పిస్తానని ఇద్దరి దగ్గర ఇరవై వేల చొప్పున తీసుకున్నాడని పోలింగుకు నాలుగు రోజుల ముందు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నిజమేనేమో అనుకుని గ్రూపులో పెట్టాను, ఇంకో ముగ్గురికి పంపాను. అన్న 11 ఓట్లతో ఓడిపోయాడు. మేం పైసా ఇవ్వలేదని ఆ ఇద్దరూ తర్వాత చెప్పారు. ఎన్నికలయ్యాక ఆ మెసేజ్ డిలీట్ చేశాను. అయినా పెద్దబాపు వాళ్లు మాతో మాట్లాడటం లేదు. మేడారం జాతరకు ఎప్పుడూ ఒకటే బండిలో పోయేవాళ్లం, ఈసారి వేరువేరుగా పోయాం. ఎవరో చేసిన వాయిస్ పంపినందుకు తప్పంతా నాదేనా?
- ఒక సోదరి, నర్సంపేట దగ్గరి పల్లె

జవాబు: అమ్మా, తప్పంతా నీది కాదు. నీ వంతు మాత్రం నీదే. దాన్ని సరిచేయడం నీ చేతిలో ఉంది కాబట్టి దాని గురించే మాట్లాడతాను.

ముందు ఆ డిలీట్ సంగతి. వాట్సాప్‌లో అందరి ఫోన్లలోంచీ పోయేలా డిలీట్ చేయడానికి ఉన్న గడువు సుమారు రెండు రోజుల పన్నెండు గంటలు. 2022 నుంచి ఇదే లెక్క. పోలింగుకు నాలుగు రోజుల ముందు పెట్టి, ఎన్నికలయ్యాక డిలీట్ చేశానన్నావు. అంటే అది నీ ఫోన్లో మాత్రమే పోయింది. మిగతా 40 మంది ఫోన్లలో ఇప్పటికీ నీ పేరు కింద ఆ వాయిస్ ఉండి ఉంటుంది. పెద్దబాపు ఇంట్లో ఎవరైనా గ్రూపు పైకి జరిపితే అదే కనపడుతుంది. నువ్వు తీసేశాననుకున్నావు, వాళ్లేమో ఇంకా ఉంచిందనుకుంటున్నారు.

ఇంకో సంగతి. ఫార్వర్డ్ చేసిన మాటకు, అది మొదట అన్న మనిషి పేరు అంటుకొని రాదు. పంపినవాళ్ల పేరే కనిపిస్తుంది. నీ దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు ఎవరిదో తెలియదు. కానీ నీ నుంచి గ్రూపులోకి వెళ్లేసరికి దానికి ఒక మొఖం వచ్చింది, అది నీ మొఖం. ఏటా రాఖీ కట్టే చెల్లెలే పెట్టిందంటే ఏదో ఉంటేనే పెట్టి ఉంటుంది అనుకున్నారు. ఊరు కాని ఊరివాడు ఎవడో పెడితే ఆ వాయిస్‌ను సగం మంది వినే వినరు.

ఆ వాయిస్ మీద ఒక బాణం గుర్తు ఉందో, రెండు ఉన్నాయో చూశావా? రెండు బాణాలుంటే అది అప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటి వాటిని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్కరికే, లేదా ఒక్క గ్రూపుకే పంపనిస్తున్నారు. అంతకు ముందే, 2018 జులైలో, మన దేశంలో ఏ ఫార్వర్డ్‌నైనా ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టారు. పట్నం లెక్కన అవి పనికొచ్చే కట్టుబాట్లే. మన పల్లెలకు మాత్రం అంతగా అక్కరకు రావు. ఇప్పుడు ఒక్క గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. చిన్న పంచాయతీలో ఓటర్లందరూ అందులో పడతారు. ఐదు చోట్లు ఎందుకు, ఊరి గ్రూపు ఒక్కటి చాలు.

నా సంగతి ఒకటి చెప్పాలి. 1996లో పరకాల వైపు ఒక ఊరి రేషన్ డీలరు బియ్యం పక్కదారి పట్టిస్తున్నాడని వార్త రాశాను. ఆ చుట్టుపక్కల ఒకే పేరున్న డీలర్లు ఇద్దరున్నారు. నేను రాసింది తప్పు మనిషి ఊరు. ఆ రాత్రి డెస్కు నుంచి ఫోన్ చేసి అడిగారు, ‘అవతలివాళ్ల వివరణ తీసుకున్నావా?’ అని. ‘దొరకలేదు’ అన్నాను. అసలు నేను ఆయన్ను కలవడానికి పోనేలేదు.

మర్నాడు మొదటి బస్సుకే ఆయన వచ్చాడు. పేపరును మడిచి అంగీ లోపల పెట్టుకున్నాడు. లొల్లి చేయలేదు. ‘సారూ, మా ఊర్లో ఈ పేపరు ఎక్కడెక్కడ చదువుతరో తెలుసా?’ అని అడిగి, వేళ్లు మడుస్తూ ఆయనే చెప్పాడు: హోటలు, మంగలి దుకాణం, పంచాయతీ ఆఫీసు, కల్లు మండువ. మూడు రోజుల తర్వాత సవరణ వేశారు, లోపలి పేజీలో అడుగున నాలుగు లైన్లు. తప్పు వార్త పడింది మాత్రం మూడు కాలమ్‌ల హెడ్డింగుతో.

ఆ రోజు పది పేపర్లు కొనుక్కొని ఆ ఊరికి పోయాను. ఆయన చెప్పిన నాలుగు చోట్లా నిలబడి ఆ నాలుగు లైన్లూ పైకి చదివాను. మంగలి దుకాణంలో ఒకాయన సగం గడ్డానికి సబ్బు నురగతో కూర్చొని ఉన్నాడు. చదవడం అయిపోయాక అద్దంలోంచే నన్ను చూసి, ‘మరి మొన్నటిది ఎవరు రాసిండ్రు?’ అన్నాడు. ‘నేనే’ అన్నాను. దుకాణంలో కత్తెర చప్పుడు ఆగింది. ఆయన కాసేపు చూసి, ‘సరే, కూసో’ అన్నాడు. ఆ రోజు తర్వాత ఇవతలా అవతలా అడగకుండా నేను ఒక్క వార్త పంపలేదు.

నిన్నూ అదే చేయమంటున్నాను. తప్పు ఏ దారిన పోయిందో, సవరణా ఆ దారినే పోవాలి. అదే గ్రూపులో, నీ గొంతుతో, ఒక వాయిస్ పెట్టు. టైపు చేయకు, గొంతే పెట్టు. ఏ రోజు ఏం పెట్టావో, అది అబద్ధమని ఎలా తెలిసిందో, అన్నను ఒక్క మాట అడగకుండా పెట్టానని చెప్పు. ‘అందరూ పెట్టారు’ అని మాత్రం అనకు, ఆ ఒక్క మాటతో మిగతావన్నీ కొట్టుకుపోతాయి. తర్వాత ఆ ముగ్గురికీ విడివిడిగా పంపి, వాళ్లు ఎవరికి పంపారో వాళ్లకూ చెప్పమను. గ్రూపులో పెట్టిన రోజే పెద్దబాపు ఇంటికి పో. మేడారం నుంచి తెచ్చిన బంగారం (ప్రసాదం బెల్లం) ఇంట్లో ఇంకా ఉంటే అదే పట్టుకుపో. ఆ 11 ఓట్ల లెక్క అక్కడ తీయకు. అవి నీ వల్లే పోయాయో లేదో ఎవరూ తేల్చలేరు. చెల్లె అడగలేదన్న బాధ మాత్రం అన్నకు ఉంటుంది, దానికి జవాబు చెప్పు.

ప్రశ్న: మా కాలనీ గ్రూపుకు నేను అడ్మిన్‌ను. 380 మంది ఉన్నారు. రోజూ ఎవరో ఒకరు పార్టీల మీద, మతాల మీద ఏదో ఒకటి పెడతారు. టెన్షన్‌గా ఉంటోంది. వాళ్లు పెట్టినదానికి పోలీసులు నన్ను పట్టుకుంటారా?
- రిటైర్డ్ టీచర్, హుజూరాబాద్

జవాబు: సార్, వేరేవాళ్లు పెట్టిన పోస్టుకు, అడ్మిన్ అయినంత మాత్రాన శిక్ష పడదని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. మీరూ వాళ్లతో కలిసి చేశారని తేలితే అది వేరే సంగతి. మనసు నొప్పించేలా రాశారని జైల్లో పెట్టేందుకు వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. మతాల మధ్య, కులాల మధ్య వైరం పెంచే రాతలకు మాత్రం భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ ఉంది, అది రాసినవాళ్లకు తగులుతుంది.

చట్టం వరకు మీరు నిశ్చింతగా ఉండొచ్చు. అడ్మిన్ పని మాత్రం అక్కడితో అయిపోదని నా నమ్మకం. 2018 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని ఫోన్లలో వీడియోలు వచ్చి, మన రాష్ట్రంలోనే అమాయకుల్ని పట్టుకొని కొట్టారు, ప్రాణాలూ పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరా పంపారు. డప్పులతో, పాటలతో వాడవాడా ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఫోన్లో వచ్చిన భయానికి మనిషి నడిచి వచ్చి జవాబు చెప్పాడు.

మీకు డప్పు అక్కర్లేదు. తప్పు పోస్టు పడితే అడ్మిన్లు మాత్రమే రాసే సెట్టింగు పెట్టండి, ఒక గంటకే. ఆ గంటలో పెట్టినాయనకు ఫోన్ చేసి ‘ఇది మీకు ఎవరు పంపారు?’ అని అడగండి. ఆయన చెప్పింది గ్రూపులో రాసి, మళ్లీ అందరికీ తెరవండి. నెల రోజులు మూసేస్తే మాత్రం మోరీ సంగతి, నల్లా సంగతి కూడా చెప్పుకోవడానికి చోటుండదు.

ప్రశ్న: మా గల్లీలో మోరీ పొంగి మూడు నెలలైంది. ఫొటోతో సహా పోస్టు పెడితే 12 లైకులు వచ్చాయి. అదే రోజు ఒకతను ఒక నాయకుణ్ని బూతులు తిడుతూ పెట్టిన వీడియోకు వేలల్లో వచ్చాయి. నేనూ అలా రాస్తేనే చూస్తారా?
- డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, నీ రాతలో లోపం ఉందని అనుకోకు. ఏ పోస్టును ఎక్కువ మందికి చూపించాలో లెక్క కట్టేది యంత్రం. 2017 నుంచి కొన్నాళ్లు ఫేస్‌బుక్ ఆ లెక్కలో కోపం బొమ్మకు, ప్రేమ, నవ్వు బొమ్మలకు ఒక్కోదానికి ఐదు లైకుల విలువ ఇచ్చింది. కోపం తెప్పించిన పోస్టుల్లో అబద్ధాలు ఎక్కువని వాళ్లలోనే కొందరు మొత్తుకున్నారు. 2020కి గానీ కోపం విలువను సున్నా చేయలేదు. ఈ సంగతి 2021లో, ఆ కంపెనీలోనే పనిచేసిన ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన కాగితాల వల్ల లోకానికి తెలిసింది. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన వార్తలను అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు ముగ్గురు లెక్కతీస్తే, 1,500 మందికి చేరడానికి అబద్ధం కన్నా నిజానికి ఆరింతల సమయం పట్టింది. దానికి కారణం రోబో ఖాతాలు కావనీ, మనుషులేననీ వాళ్లు తేల్చారు. కొత్తగా, వింతగా ఉన్నదాన్ని మనమే ఎగబడి పంపుతాం.

ఈ నేల మీద రాజకీయం ఎలా మాట్లాడుకున్నారో నేను కళ్లారా చూశాను. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచినప్పుడు దీక్షా టెంట్ల చుట్టూ తిరిగి వార్తలు రాశాను. ఒక సాయంత్రం ఆర్టీసీ కండక్టర్ ఒకాయన జనంలోంచి లేచి, ‘జీతం లేకుండా ఇంకెన్నాళ్లు? మా ఇంట్ల బియ్యం అయిపోయినయి’ అన్నాడు. మైకు దగ్గరున్నవాళ్లు ఆయన్ను కూర్చోమనలేదు. మైకే చేతికిచ్చారు. ఆయన మాట్లాడాడు, కొందరు కాదన్నారు. చివరికి ఆ టెంట్లోనే కొందరు చందా వేసుకొని ఆయన ఇంటికి బియ్యం పంపారు. అదే మాట ఇవాళ పోస్టుగా పెట్టి ఉంటే పది నిమిషాల్లో ద్రోహి అని ముద్ర వేసేవాళ్లు. ఎదురుగా మనిషి మొఖం కనపడుతుంటే నోరు అంత తొందరగా లేవదు.

అలాగని అంతా అప్పుడే బాగుండేదని నేననను. మా జిల్లా పేజీలోకి ప్రకటన వచ్చిందంటే మొదట తెగేది మారుమూల ఊరి వార్తే. ఆ ఊళ్ల గొంతు మా దాకా వచ్చేదే కాదు. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగినప్పుడు, ఇళ్ల కప్పుల మీదికి ఎక్కినవాళ్లు చేతిలో ఉన్న ఫోన్లతోనే సాయం అడిగారు. విలేకరి కోసం ఆగితే వాళ్ల గతి ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ పుడుతుంది. అందుకే పోస్టులు పెట్టడం మానుకోమని నీకు చెప్పను.

ఆ 12 మంది ఎవరో చూడు. మీ గల్లీవాళ్లయితే అది చాలా పెద్ద లెక్క. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, ఆ పన్నెండు మందినీ వెంటబెట్టుకొని పో. అర్జీ ఇచ్చాక వచ్చే రసీదు ఫొటో తీసి, ఆ పాత పోస్టు కిందే పెట్టు. ఏ డివిజన్, ఏ గల్లీ, ఎప్పటి నుంచి, ఎవర్ని ఏ తేదీన అడిగారు, ఏమన్నారు అన్నవి రాయి. వారం వారం అక్కడే కలుపుతూ పో. తిట్టు ఒక్కటి కూడా వద్దు. పని చేయాల్సిన ఆఫీసు తిట్టును పట్టించుకోకుండా ఉండగలదు గానీ, తేదీలను, పన్నెండు మంది సంతకాలను అంత సులువుగా పక్కన పెట్టలేదు.

ప్రశ్న: ఎలక్షన్లు వచ్చినప్పటి నుంచి గ్రూపుల్లో తిట్లు చదివి చదివి నిద్ర పట్టడం లేదు. అన్నీ వదిలేసి బయటికి వద్దామనుకుంటున్నా. పిరికితనం అంటారా?
- సింగరేణి కార్మికుడు, భూపాలపల్లి

జవాబు: పిరికితనం ఎందుకంటారన్నా? మొఖం తెలియని వాళ్లున్న గ్రూపులన్నీ ఈ రాత్రే వదిలేయండి. తెలిసినవాళ్ల గ్రూపులు మ్యూట్‌లో పెట్టండి, రోజుకు ఒకసారి చూస్తే చాలు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చాక మాత్రం అసలు తెరవకండి. మీ గని మీద గేట్ మీటింగులు ఇంకా జరుగుతున్నాయి కదా. మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ పోస్టు పెట్టినతను మీ షిఫ్టువాడే అయితే, రేపు గేటు దగ్గర చాయ్ ఇప్పించి ‘ఆ మాట ఎందుకు రాసినవే?’ అని అడగండి.