ఆయాసం ఉన్నవారికి చేయి మాత్రమే మొద్దుబార్చి ఆపరేషన్ చేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. చాలాకాలం మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లింది. ఆయాసానికి ఇన్‌హేలర్ వాడుతోంది. జారిపడి కుడి మణికట్టు విరిగింది. పూర్తి మత్తు లేకుండా నెర్వ్ బ్లాక్ ఇచ్చి ప్లేటు వేస్తామన్నారు. చేయి అలాగే పడిపోతుందేమోనని అమ్మ భయం. ఒప్పుకోవచ్చా? – ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: నిస్సందేహంగా ఒప్పుకోవచ్చు. పూర్తి మత్తులో గొంతులోకి గొట్టం వేయాల్సి వస్తే, ఆయాసం ఉన్నవారికి శ్వాసనాళాలు బిగుసుకునే ప్రమాదం ఉంటుంది కనుక, చేతి నరాలను మాత్రమే మొద్దుబార్చడం మీ అమ్మగారికి మేలైన పద్ధతి.

అయితే ఇంజెక్షన్ ఎక్కడ ఇస్తారో మత్తు డాక్టరును తప్పక అడగండి. చేతి నరాలు మెడ నుంచి బయలుదేరి, కాలర్ బోన్ వెనుకగా చంకలోకి దిగుతాయి. మెడ దగ్గర మందు వేస్తే, పక్కనే ఉన్న, ఊపిరి పీల్చడానికి తోడ్పడే ఛాతీ కింది కండరమైన డయాఫ్రమ్‌ను కదిలించే నరం కూడా మొద్దుబారి, ఆ వైపు డయాఫ్రమ్ కొన్ని గంటలు పనిచేయకపోవచ్చు. ఊపిరితిత్తులు బాగున్నవారిలో చాలామందికి అది తెలియను కూడా తెలియదు గానీ, మీ అమ్మగారిలాంటివారికి ఊపిరి అందక ఇబ్బంది అవుతుంది. మణికట్టు ఆపరేషన్‌కు చంక దగ్గర ఇస్తే సరిపోతుంది, ఈ బెడద ఉండదు. మిరప ఘాటులో, దుమ్ములో పనిచేసిన సంగతి, వాడుతున్న మందులు, ముఖ్యంగా రక్తం పలుచబరిచేవి, ముందే చెప్పండి. పూర్తి మత్తు కాకపోయినా పరగడుపునే ఉండాలి.

అల్ట్రాసౌండ్ తెరపై కొట్టుకుంటున్న రక్తనాళాన్ని, దాని చుట్టూ ఉన్న నరాలను చూస్తూ సూదిని దగ్గరకు చేర్చి, మందును కొద్దికొద్దిగా వదులుతారు. ఆ సమయంలో పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి అనిపిస్తే వెంటనే చెప్పమనండి. మందు రక్తంలో ఎక్కువగా కలుస్తోందనడానికి అవి తొలి గుర్తులు.

బుపివకైన్, రోపివకైన్ వంటి మందులు దాదాపు అరగంటలో పట్టి, సాధారణంగా 8 నుంచి 18 గంటలు పనిచేస్తాయి. అందుకే ఆ రోజు వేళ్లు కదలకపోయినా అమ్మగారు కంగారు పడనక్కరలేదు. కొందరికి తిమ్మిరి కొన్ని వారాలు ఉండి తగ్గుతుంది. నరం శాశ్వతంగా దెబ్బతినడం చాలా అరుదు.

బ్లాక్ దిగేటప్పుడు, తరచూ అర్ధరాత్రివేళ, నొప్పి ఒక్కసారిగా ఎగదన్నుతుంది కాబట్టి, డాక్టరు రాసిన మాత్రలు అంతకుముందే మొదలుపెట్టాలి. డైక్లోఫెనాక్ వంటివి కొందరిలో ఆయాసాన్ని పెంచుతాయి, సొంతంగా కొని వేయకండి. మొద్దుబారిన చేతికి వేడి గ్లాసు తగిలినా తెలియదు, స్లింగ్‌లోనే ఉంచండి. వేళ్లు నీలంగా మారినా, కట్టు బిగుసుకుపోయినా, ఒక రోజు దాటాక కూడా స్పర్శ రాకపోయినా, ఆయాసం ఎక్కువైనా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.