సిన్స్, ఫర్: తికమక పెట్టేది మన ‘నుంచి’
ఉద్యోగ దరఖాస్తుల్లో మనం రాసే ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ తప్పు కావడానికి కారణం మన ‘నుంచి’. ‘2021 నుంచి’, ‘మూడేళ్ల నుంచి’ రెండింటికీ తెలుగులో అదే మాట. ఇంగ్లిష్‌లో వేరు.

1. క్యాలెండర్‌లో వేలు పెట్టి చూపగలిగితే సిన్స్: సిన్స్ 2021, సిన్స్ మండే.
2. గడిచిన కాలాన్ని లెక్కపెడితే ఫర్: ఫర్ త్రీ ఇయర్స్.
3. అసలు అందరూ వదిలేసేది క్రియను. ‘పనిచేస్తున్నాను’ కదా అని ‘ఐ యామ్ వర్కింగ్’ రాస్తారు. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘హావ్ బీన్’ కావాలి. దీన్ని సరిచేయకుండా సిన్స్ తీసి ఫర్ పెట్టినా వాక్యం కుంటుతూనే ఉంటుంది.

ఇలా మార్చండి: ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’.

(‘చిన్నప్పటి నుంచి’కి అంకె లేకపోయినా సిన్సే: సిన్స్ చైల్డ్‌హుడ్.)