ముత్తాత ఇంటిపేరు ఎవరు కోశారు?

చి.సౌ. అమ్మాయికి,

నీ నవల మొదటి అధ్యాయం చదివి చిరాకేసి కాగితాలు పక్కన పడేశాను. పోలిష్ వాడైన మీ ఆయన ముత్తాత, న్యూయార్క్ రేవులో వలసవచ్చినవాళ్ళని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలండ్‌లో ఓడ దిగుతాడు. మీసాల ఆఫీసరు ఆయన ఇంటిపేరు నోరు తిరక్క సగానికి కోసేస్తాడు. ముత్తాత కళ్ళు తుడుచుకుంటాడు. అమెరికాలో ఎన్నో పోలిష్ ఇళ్ళలో చెప్పుకునే కథే ఇది. కానీ అక్కడ జరిగే పని వేరు. ప్రయాణికుల పట్టీ తయారయ్యేది న్యూయార్క్‌లో కాదు, ఓడెక్కిన రేవులోనే, ఓడ కంపెనీ గుమాస్తాల చేతుల్లో. ఇవతల ఇన్‌స్పెక్టరు ఆ పట్టీ ముందు పెట్టుకుని, పేరు పిలిచి ప్రశ్నలు అడిగేవాడు. భాష రాకపోతే దుబాసీలుండేవాళ్ళు. తర్వాత న్యూయార్క్ మేయరైన లగార్డియా కూడా 1907 నుంచి 1910 దాకా అక్కడ దుబాసీగా పనిచేసినవాడే.

నా మాట అటుంచు, నీ కాగితాలే నీ సీను అబద్ధమంటున్నాయి. 1907 పట్టీలో పేరు నిండుగా ఉంది. చికాగో సెయింట్ స్టానిస్లాస్ కోస్త్కా చర్చి పెళ్ళి రిజిస్టర్లోనూ నిండుగానే ఉంది. పౌరసత్వం దరఖాస్తుకి వచ్చేసరికి సగమైంది. కోసుకున్నది ఆయనే! ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ కోసమా, బడిలో పిల్లల కోసమా, వీధిలో ఇంకొకరి ఉత్తరాలు తనకొస్తున్నాయనా? నీ నవల ఇక్కడుందమ్మా. నువ్వేమో ఆ నేరం ఒక మీసాలాయన నెత్తిన రుద్ది ఊరుకున్నావు.

ఇంకో చోట, పట్టీలో దేశం రష్యా అని ఉందని "గుమాస్తా తప్పు" అన్నావు. ఆ గుమాస్తా ఏం రాయాలి? 1795లో మూడో పంపకం అయ్యాక 1918 దాకా పటంలో స్వతంత్ర పోలండ్ లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్నాయి. అదే వరసలో జాతి అన్న గడి చూడు, పోలిష్ అని రాశాడు. బాప్తిస్మం రికార్డులో రెండు తేదీలున్నాయని అదీ తప్పన్నావు. చర్చి నడిచేది ఒక క్యాలెండర్‌తో, జార్ ప్రభుత్వం నడిచేది పన్నెండు రోజులు వెనకున్న ఇంకో క్యాలెండర్‌తో. పాపం ఫాదరీ రెండూ రాశాడు. రష్యా పంచుకున్న ఆ భాగంలో 1868 నుంచి రిజిస్టర్లు రష్యన్‌లోనే రాయమన్నారు కాబట్టి, తన భాష కాని భాషలో రాశాడు.

ఇక నన్ను పట్టుకున్న చోటు. 1885లో అదే తల్లిదండ్రులకి అదే పేరుతో ఒక పిల్లాడు పుట్టాడు. ఎనిమిది నెలలకి పోయాడు. రెండేళ్ళకి పుట్టిన మీ ఆయన ముత్తాతకి పోయినవాడి పేరే పెట్టారు. చావు నమోదు చేయించడానికి ఫాదరీ దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఒకరు పొరుగు రైతు, రెండోవాడు పిల్లాడి తాత. తండ్రి రాలేదు. "వచ్చినవారికి చదువు రానందున చదివి వినిపించి మేమే సంతకం చేశాము" అని కింద ఉంది. ఇంత పెట్టుకుని నువ్వు రాసింది ఒక్క వాక్యం: "వారి మొదటి బిడ్డ చనిపోయాడు." తండ్రి ఎందుకు రాలేదో నీకు తెలీదు. కల్పించొద్దు. రాలేదని రాయి చాలు.

ఈ ముక్క చెబితే నన్ను చాదస్తం అంటారు. మా తాత కాకినాడ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళాడు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుల పద్దు పుస్తకం మా అటక మీద దొరికితే, నా నవలలో ఒక పేజీ ఉన్నదున్నట్టు దింపాను. ఒక వారపత్రిక సంపాదకుడు "లెక్కలెవరు చదువుతారండీ, ఓడలో ఒక ప్రేమకథ పెట్టండి" అన్నాడు. నేను పెట్టలేదు. ఆ పేజీ ఆయన తీసేశాడు. పత్రిక మూతపడింది, ఆయనకి సన్మానాలు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఇంకో ఫ్యాషన్. ట్యూబులో ఉమ్మేసి పంపడం, డీఎన్ఏ రిపోర్టు రావడం, మూడో పేజీకల్లా హీరోయిన్ తన మూలాలు తెలిసి వెక్కివెక్కి ఏడవడం.

వలస వెళ్ళినవాళ్ళు అంత తీరిగ్గా ఏడ్చారా అని నాకు అనుమానం. 1890–91లో అమెరికా నుంచి, బ్రెజిల్ నుంచి ఇళ్ళకి రాసిన ఉత్తరాలని జార్ అధికారులు పట్టుకుని ఉంచేశారు. వార్సాలో మిగిలిన వాటిలో చాలావరకు 1944లో కాలిపోయాయి. దక్కినవి తర్వాత అచ్చయ్యాయి. జీతమెంత, టిక్కెట్టు ఎలా, వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి, ఫలానావాడు ఎలా ఉన్నాడు, అంతా ఇదే. ఇళ్ళవాళ్ళేమో జవాబు రాయకుండా మర్చిపోయాడనుకుని ఉంటారు. దీనికి నువ్వేం కన్నీళ్ళు కలుపుతావు?

ఊరి సంగతి తేల్చు. మనకి రామాపురాలున్నట్టు వాళ్ళకి దొంబ్రోవాలు. గూగుల్ మొదట చూపించినదాన్ని పట్టుకుని చెరువూ చెట్లూ వర్ణించావు. 1906 సెప్టెంబరు తర్వాతి పౌరసత్వం ఫైళ్ళలో పుట్టిన ఊరు అడిగేవారు, ఆ ఫైలు మొత్తం తెప్పించు, ఒక్క పేజీతో సరిపెట్టుకోకు. పెళ్ళి రిజిస్టర్లో పారిష్ పేరు, అంటే ఆయన ఊరు ఏ చర్చి కిందిదో, ఉందేమో చూడు. తర్వాత గెనెతెకాలో, పాత చర్చి రిజిస్టర్లకి వాలంటీర్లు ఇంటర్నెట్లో కట్టిన ఆ సూచికలో, ఆ పారిష్ కింద వెతుకు. 1885 నాటి ఆ పసివాడు అక్కడ దొరికాడా, అదే నీ దొంబ్రోవా.

ముందుమాట గురించి, పోటీ గురించి ఏదో అడిగావు. తర్వాత చూద్దాం. ఆ చావు నమోదు కాపీ మాత్రం పంపించు, నీ అనువాదం కాదు, అసలుది. ఇక్కడ రష్యన్ వచ్చిన పాత మిత్రుడొకాయన ఉన్నాడు.

ఆశీస్సులతో,
మాస్టారు