మునిరత్నమా, అయాన్షా: పుట్టబోయే బిడ్డ పేరుకి ఎంత ఖర్చవుతుంది

తమ్ముడూ,

మీ నాయన మునిరత్నం అని పెట్టమంటాడు, మీ ఇంట్లో ఆమె అయాన్ష్ అంటుంది, డాక్టరు చెప్పిన డేటుకి ఐదు వారాలే ఉంది, ఏ పేరైతే బిడ్డ ఇక్కడ అమెరికాలో ఇబ్బంది లేకుండా పెరుగుతాడు అని అడిగినావు. కొత్తగా వచ్చినోళ్ళందరూ అడిగేది ఇదే. వినేదానికి బాగుందా, బళ్ళో పిల్లలు ఎగతాళి చేస్తారా, టీచరుకి నోరు తిరుగుతుందా. నేనైతే ముందు అడిగేది వేరే: ఆ పేరుకి ఎన్ని డాలర్లు అవుతాయి? నవ్వొద్దు. ఇరవై రెండేళ్ళుగా నా పేరు సరిచేయించుకునేదానికి పెట్టిన ఫీజులు, పోయిన లీవులు, రద్దయిన టికెట్లు కూడితే ఒక పాత కారు వచ్చుండేది. ఏ లాయరూ లేకుండా అన్నీ నేనే దిద్దుకున్నాను, అది వేరే సంగతి. నువ్వు ఆ పని పెట్టుకోవద్దు.

ముందు నీ పేరు సంగతి తేల్చుకో, బిడ్డది తర్వాత. మన చిత్తూరు పక్క పద్ధతి కోస్తావాళ్ళకి చెప్పినా అర్థం కాదు. వాళ్ళకి ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక, అంతే. మనలో చానా మందికి ఇంటిపేరు ఉన్నా రాసే అలవాటు లేదు. అరవ గాలి తగిలి, నాయన పేరులో మొదటి అక్షరమే ఇనీషియల్. పదో తరగతి మెమోలో 'కె. బాలాజీ' అని ఉంటుంది. పాస్‌పోర్టు దగ్గర ఇనీషియల్ విప్పి రాయమంటారు. 'బాలాజీ కృష్ణమూర్తి' అని మొత్తం గివెన్ నేమ్ గడిలో పెట్టి, సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తాం. నేను చేసిన మొదటి తప్పు ఇదే. మన ఊళ్ళో దాంతో ఏ బాధా లేదు. అమెరికా వీసాలో రెండు గడులూ నిండాలి కాబట్టి, పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, ముందు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదని. తిరుపతిలో వీధికి నలుగురు బాలాజీలు ఉంటారు, విమానం దిగేసరికి పేరే లేని మనిషివి.

అక్కణ్ణించి డబ్బు కారేది ఎట్లాగో చూడు. సోషల్ సెక్యూరిటీ కార్డులో, అంటే పన్నుకీ జీతానికీ వాడే నెంబరున్న కార్డులో, 'బాలాజీ కృష్ణమూర్తి' అనే రెండు మాటలూ చివరి పేరు కింద పోయినాయి అనుకో. పన్ను రిటర్ను కంప్యూటర్లో పంపేటప్పుడు పన్ను ఆఫీసు వాళ్ళ యంత్రం చూసేది ఆ నెంబరు, దాంతోపాటు చివరి పేరులో మొదటి నాలుగక్షరాలు. దాన్ని నేమ్ కంట్రోల్ అంటారు. కార్డు లెక్కన నీది బి-ఏ-ఎల్-ఏ. నువ్వేమో తెలివిగా, చివరి పేరు కృష్ణమూర్తి కదా అని రాస్తావు, కె-ఆర్-ఐ-ఎస్ అవుతుంది. రిటర్ను తిరిగొస్తుంది. మళ్ళీ అదే పంపుతావు, మళ్ళీ తిరిగొస్తుంది. చివరికి కాగితం మీద పోస్టులో పంపితే రీఫండ్ నెలలు పడుతుంది, ఈలోగా క్రెడిట్ కార్డు వడ్డీ నీ నెత్తిన. నేను రెండేళ్ళు ఇట్లా చేసి, సాఫ్ట్‌వేర్ తప్పు అనుకున్నాను. మందు చానా సులువు: కార్డు మీద ఎట్లా ఉందో రిటర్నులో అట్లే రాయి, ఆఫీసులో ఇచ్చే ఏడాది జీతం, పన్ను లెక్కల కాగితం డబ్ల్యూ-2 కూడా అట్లే వచ్చేట్టు చెప్పు. కార్డే తప్పుగా ఉంటే ఎస్ఎస్-5 ఫారం ఇచ్చి దిద్దుకో, దానికి ఫీజు లేదు. కాకపోతే దిద్దేదానికి చూపించాల్సింది పాస్‌పోర్టు, ఇమిగ్రేషన్ కాగితాలే కాబట్టి, ముందు పాస్‌పోర్టులో పేరు రెండు గడులకీ పంచి కొత్త పుస్తకం తీసుకో. ఊరికి పోయినప్పుడు తిరుపతిలోనే చేయించుకుంటే 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు. ఇక్కడ కాన్సులేట్ ద్వారా అయితే ఇంతకంటే బాగా జాస్తి. పాను, ఆధారు కూడా అదే అక్షరాలకి తెచ్చుకో. ఆధారులో పేరు మార్చుకునేది జన్మకి రెండు సార్లే, ఊరికే పాడు చేసుకోవద్దు. దుబాయి మీదుగా పోయే అలవాటుంటే ఇంకొకటి: పాస్‌పోర్టులో ఒకే మాట పేరున్నోళ్ళని విజిట్ వీసా మీద రానివ్వమని వాళ్ళు 2022 నవంబరులో రూలు పెట్టినారు. మినహాయింపులు ఉన్నాయి, టికెట్ కొనేముందు చూసుకో.

ఇంక బిడ్డ. అందరికీ ఉండే పేరు మంచిదా, ఎవరికీ లేనిది మంచిదా అంటావు. అక్కడ మామూలు పేరు ఇక్కడ వింతవుతుంది, మన తెలుగోళ్ళ మధ్య మళ్ళీ మామూలవుతుంది. మనోళ్ళు గుంపుగా ఉండే కాలనీల్లో ఒకే అపార్ట్‌మెంటులో ముగ్గురు శ్రీనివాసులు, ఇద్దరు వెంకటేశులు ఉంటే ఆశ్చర్యం లేదు. స్వామివారి చలవ. దాంట్లో ఉన్న చిక్కు బళ్ళోది కాదు, క్రెడిట్ రిపోర్టుది, అంటే నీ అప్పులు, బాకీల చిట్టాది. పేరు ఒకటే, అడ్రసు దగ్గరది, సోషల్ సెక్యూరిటీ నెంబరులో ఒకటి రెండు అంకెలు తేడా అయితే ఇద్దరి ఫైళ్ళూ కలిసిపోతాయి. నా ఫైల్లోకి నా పేరే ఉన్న ఎవరిదో ఆసుపత్రి బాకీ వచ్చి కూర్చుంది. నేను ఏడాదికోసారి కూడా చూసుకోను కాబట్టి, ఇల్లు కొనేదానికి బ్యాంకు లోను అడిగేదాకా తెలియలేదు. ఆ బాకీ వల్ల అర శాతం వడ్డీ జాస్తి అంటే ముప్పై ఏళ్ళకి ఎంతో నువ్వే లెక్కేసుకో. ఈ చిట్టాలు రాసే కంపెనీలు, అంటే బ్యూరోలు, మూడు; వాటి రిపోర్టులూ వారానికోసారి ఉచితంగా చూసుకోవచ్చు. తప్పుంటే మూడింటికీ విడివిడిగా రాయాలి, రాసినాక 30 రోజుల్లో విచారించాలని చట్టం. నీ పేరే బిడ్డకి పెట్టి 'జూనియర్' అనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. ఒకే అడ్రసులో ఒకే పేరున్న తండ్రీ కొడుకులంటే కలిసిపోయే ఫైళ్ళకి అంతకంటే వీలైంది లేదు.

వింత పేరుకి ఖర్చు స్పెల్లింగులో ఉంది. అయాన్ష్‌ని ఎంతమంది రాస్తే అన్ని రకాలు: మొదట్లో ఏ ఒకటా రెండా, మధ్యలో ఒకటా రెండా. టీకాల కార్డులో ఒకటి, ఇన్సూరెన్సులో ఒకటి పడితే క్లెయిము వెనక్కొస్తుంది, బిల్లు నీకొస్తుంది. మన 'త' కోసం టి పక్కన హెచ్ పెట్టే అలవాటు కూడా వదిలెయ్. వాళ్ళు దాన్ని 'థ' అంటారు, హెచ్ లేకుంటే 'ట' అంటారు. ఎట్లా రాసినా 'త' రాదు, ఒక అక్షరం దండగ. అక్షరాలు ఎందుకు లెక్కపెడతానంటే, సోషల్ సెక్యూరిటీ కార్డులో మొదటి పేరూ మధ్య పేరూ కలిపి ఒక లైనుకి 26 అక్షరాలే పడతాయి. మీ నాయన ఇష్టం కొద్దీ వెంకట సత్య మునిరత్నం కుమార్ అని పెట్టినావంటే ఇంగ్లీషులో ఖాళీలతో కలిపి 30. మిగతాది కోసేస్తారు. అప్పట్నించి కార్డుకీ బర్త్ సర్టిఫికెట్టుకీ పొంతన ఉండదు.

ముని అనే మాట మీద నాకు కోపమేమీ లేదు. మునెమ్మ, మునిరాజా, మునికృష్ణ లేని ఊరు మన పక్క ఉందా? ఇక్కడ దాన్ని 'మ్యూని' అంటారు. మునిసిపల్ బాండ్లకి ఇక్కడి ముద్దుపేరు కూడా మ్యూనీనే, మామూలుగా వాటి వడ్డీ మీద ఫెడరల్ పన్ను లేదు. ఆ లెక్కన శుభమైన పేరే.

చివరి పేరు మాత్రం ఈ రోజే తేల్చుకో. మన పద్ధతిలో నీ చివరి పేరు మీ నాయనది, మీ ఆవిడది వాళ్ళ నాయనది, బిడ్డకి నీ పేరు పెడితే ఇంట్లో ముగ్గురికీ మూడు. బడి నించి బిడ్డని తెచ్చుకునేదానికి కూడా కాగితాలు మోయాల్సి రావచ్చు. నీ పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఏముంటే బిడ్డకీ అదే.

ఆసుపత్రిలో ఇంటికి పంపేముందే బర్త్ సర్టిఫికెట్టు వివరాలు నింపే వర్క్‌షీటు ఇస్తారు. మన బారసాల పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో, వాళ్ళు రెండో రోజే అడుగుతారు. నక్షత్రం పాదాన్ని బట్టి అక్షరం చూసుకోవాలంటే, అయ్యవారి నెంబరు ముందే పెట్టుకో, పుట్టిన టైము తెలియగానే ఫోన్ చెయ్. శ్రవణం అయితే జూ, జే, జో, ఖ. నాలుగో పాదం పడితే 'ఖ' కోసం తల బద్దలు కొట్టుకోవద్దు, ఆ అక్షరం పేరు చెవిలో చెప్పుకోవచ్చు. వర్క్‌షీటులో అమ్మ పేరు దగ్గర పెళ్ళికి ముందు పేరు అడుగుతారు. మీ ఆవిడ పాస్‌పోర్టులో పెళ్ళి తర్వాత పేరుంటే, బిడ్డకి ఓసీఐ (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) పెట్టేరోజు రెండూ కలవవు. మ్యారేజ్ సర్టిఫికెట్ దగ్గర ఉంచుకో. సోషల్ సెక్యూరిటీ నెంబరు కూడా కావాలనే గడికి అక్కడే టిక్కు పెట్టు, ఇంకోసారి ఆఫీసుకి పోయే పని ఉండదు.

నన్నడిగితే మొదటి పేరు మీ ఆవిడ చెప్పిందే పెట్టు, ఆరక్షరాల్లో, ఒకే స్పెల్లింగుతో. మధ్యలో నాలుగక్షరాల ముని. బారసాల రోజు బియ్యంలో మునిరత్నం అని మీ నాయన చేతనే రాయించు, వీడియో కాల్లో అయినా సరే. ఇప్పుడే ఒక కాగితం మీద మూడు పేర్లూ పెద్ద అక్షరాల్లో రాసి ఆసుపత్రికి పోయే సంచిలో వెయ్. వర్క్‌షీటు తెచ్చేది అర్ధరాత్రి, నిద్ర లేనప్పుడు. సంతకం పెట్టేముందు అక్షరం అక్షరం వేలు పెట్టి చదువు, మీ ఆవిడ చేత కూడా చదివించు.