తాతయ్య అంబాసిడర్‌లో పెట్రోల్ ముల్లు

నాన్నా,

విజయవాడ నుంచి పెదనాన్న ఆశీస్సులు. ముల్లు సగం దగ్గర ఉందని నమ్మి గుంటూరులో బయలుదేరితే, మంగళగిరి రాకముందే పెట్రోల్ అయిపోయి కారు ఆగిందని మీ అమ్మ చెప్పింది. ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో కొలిచి ముల్లుకు చెప్పే ట్యాంక్ యూనిట్ కూడా కొత్తది కొనేశావట. బిగించే ముందు ఒక్కరోజు ఆగు.

తప్పు పాతదానిదేనా అని ముందు తేల్చుకో. నేనొకసారి తేల్చుకోకుండా మార్చేశాను, ముల్లు కదల్లేదు. తీరా చూస్తే ఎర్త్ దగ్గర, అంటే యూనిట్ కారు బాడీకి కలిసే చోట, తుప్పు! ట్యాంకు మూత బిగించి, పెట్రోల్ వాసన లేదని చూసుకుని, యూనిట్ వైరు ఊడదీసి కీ ఆన్ చెయ్యి. ముల్లు ఒక చివరికి పోవాలి. ఆ వైరుకు ఇంకో పొడుగాటి వైరు కలిపి, ట్యాంకుకు దూరంగా బాడీకి క్షణంపాటు తాకిస్తే రెండో చివరికి రావాలి. వచ్చిందా, గేజ్, అంటే ముల్లున్న మీటరు, బాగున్నట్టే.

ట్యాంకు తెరిచే రోజు బ్యాటరీ వైరు తీసెయ్యి. ఖాళీ ట్యాంకే కదా అని ధీమా పడకు. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేలబారున పాకుతుంది. షెడ్డులో వద్దు. ఆరుబయట, ఎండ ఎక్కకముందే, పొయ్యికీ పూజ దీపానికీ దూరంగా చెయ్యి. యూనిట్ చుట్టూ మట్టి ముందే తుడిచెయ్యి. బిగుసుకుందని ఇనుప సుత్తితో కొట్టావంటే నాకు కోపం వస్తుంది.

బయటికి తీశాక ఫ్లోట్‌ను, అంటే పెట్రోల్ మీద తేలే బుడ్డిని, చెవి దగ్గర పెట్టి ఊపు. గుళగుళమంటే చిల్లుపడి పెట్రోల్ తాగినట్టు. అలాంటిది మునిగిపోయి, ట్యాంకు నిండా ఉన్నా ఖాళీ అనే చూపిస్తుంది. నీది సగంలో ఆగింది కాబట్టి యూనిట్ చెయ్యి, అంటే ఫ్లోట్‌ను పట్టుకునే కడ్డీ, బిగుసుకుందేమోనని నా అనుమానం.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చెయ్యి పొడుగు, వంపు చూడు. మల్టీమీటర్ పెట్టి చేతిని కిందినుంచి పైకి నెమ్మదిగా తిప్పు, ఓమ్స్ (కరెంటుకు ఎంత అడ్డుందో చెప్పే కొలత) అంకె గంతులు వేయకూడదు. ఆ అంకెలు మీ గేజ్‌కు సరిపోకపోతే ఎంత కొత్తదైనా తప్పే చూపిస్తుంది. అప్పుడు పాతది పట్టుకుని ఆటోనగర్ రా, ఇద్దరం కలిసి వెతుకుదాం.

యూనిట్ కింద లీకు ఆపే పాత ప్యాకింగ్ మళ్లీ వాడకు. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు తట్టుకునే రబ్బరుదే అడుగు. మామూలు సిలికాన్ పూయకు, పెట్రోల్‌కు ఉబ్బి ఊడిపోతుంది.

బిగించాక 5 లీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ ముల్లు ఎక్కడ నిలిచిందో డైరీలో రాసుకో. ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు.

మీ పెదనాన్న